5జీ గుర్తు ఉన్నా నెట్ ఎందుకు నెమ్మదిస్తుంది? తరం మారినప్పుడు అసలు మారేది ఏమిటి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: ఫోన్‌లో 5జీ గుర్తు కనిపిస్తోంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, అయినా ఒక్కోసారి 4జీకి మార్చుకుంటేనే నెట్ బాగా వస్తోంది. ఎందుకిలా? జీఎస్‌ఎం (2జీ), డబ్ల్యూసీడీఎంఏ, హెచ్‌ఎస్‌పీఏ (3జీ), ఎల్‌టీఈ (4జీ), ఎన్‌ఆర్ (5జీ) అని ఇన్ని పేర్లు దేనికి? ఇవి నిజంగా వేర్వేరు టెక్నాలజీలా, లేక అమ్ముకోవడానికి పెట్టిన పేర్లా? కమ్యూనికేషన్స్ చదివే విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను రేడియో నెట్‌వర్క్ ప్లానింగ్, ఆప్టిమైజేషన్ పనిలో ఉన్నాను. 2జీ సైట్ల నుంచి 5జీ దాకా చేతులతో పనిచేసి చూశాను. కొంచెం పొడుగ్గానే రాస్తాను. ఈ విషయాన్ని రెండు ముక్కల్లో తేల్చేసే జవాబులు చాలావరకు సగమే చెబుతాయి.

ముందు తరాల పేర్లు పక్కన పెట్టండి. మీ ఫోన్‌కి అందే వేగం ఆధారపడేది వీటి మీద: టవర్ మీకోసం వాడుతున్న స్పెక్ట్రమ్ (రేడియో ఫ్రీక్వెన్సీల మేర) ఎంత వెడల్పు, మీరున్న చోట సిగ్నల్‌కీ, నాయిస్ (సహజమైన రొద) ప్లస్ ఇంటర్‌ఫియరెన్స్‌కీ (ఇతర సిగ్నళ్ల అడ్డు) మధ్య నిష్పత్తి ఎంత, యాంటెన్నాల సాయంతో ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి ఎన్ని డేటా లేయర్లు పంపగలుగుతున్నారు, అదే సెల్‌ని (టవర్ మీది ఒక యాంటెన్నా సెట్ కవర్ చేసే ప్రాంతాన్ని) ఆ క్షణంలో ఇంకెంతమంది వాడుతున్నారు. ఇందులో 4జీ, 5జీ అనే మాటే లేదు. 1948లో క్లాడ్ షానన్ చూపించిన సూత్రం ఇక్కడ పునాది. స్పెక్ట్రమ్ వెడల్పు రెట్టింపైతే, అదే సిగ్నల్ నాణ్యత దగ్గర, మోయగలిగే డేటా కూడా రెట్టింపవుతుంది. పవర్ రెట్టింపు చేస్తే మాత్రం అలా కాదు. సిగ్నల్ నాయిస్ కంటే 20 డెసిబెల్, అంటే 100 రెట్లు, ఎక్కువగా ఉన్న చోట పవర్‌ని రెట్టింపు చేసినా కెపాసిటీ పెరిగేది 15 శాతం మాత్రమే. ఆపరేటర్లు స్పెక్ట్రమ్ కోసం అంతంత డబ్బు ఎందుకు పోస్తారో ఈ ఒక్క లెక్కలో తెలిసిపోతుంది.

షానన్ గీసిన హద్దుని ఏ తరమూ దాటలేదు, దాటదు కూడా. అయితే ఒక తరానికీ ఇంకో తరానికీ నిజమైన తేడా ఉంది. ఉన్న స్పెక్ట్రమ్‌ని అందరి మధ్య ఎలా పంచాలి అన్నదాంట్లో ఉంది ఆ తేడా.

జీఎస్‌ఎం పంపకం చాలా సూటిగా ఉంటుంది. 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక క్యారియర్ (డేటాని మోసే ఫ్రీక్వెన్సీ ముక్క), దాన్ని కాలంలో 8 టైమ్‌స్లాట్లుగా కోస్తారు. కాల్ మాట్లాడే మనిషికి ఒక స్లాట్. అతను మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఆ స్లాట్ అతనిదే. పక్క సెల్‌లో అదే ఫ్రీక్వెన్సీ వాడితే గొడవ కాబట్టి ఫ్రీక్వెన్సీలను సెల్ సెల్‌కీ మార్చి వేస్తారు. అంటే ఆపరేటర్ దగ్గరున్న స్పెక్ట్రమ్‌లో ఏ ఒక్క సెల్‌కైనా దక్కేది చిన్న ముక్కే. జీపీఆర్‌ఎస్, ఎడ్జ్ వచ్చి ఇదే ఏర్పాటు మీద డేటాని ఎక్కించాయి. 8 స్లాట్లూ ఒక్కరికే ఇచ్చినా ఎడ్జ్‌లో కాగితం మీద వచ్చేది సెకనుకు 473.6 కిలోబిట్లు. మాటల కోసం కట్టిన వ్యవస్థ నుంచి అంతకంటే ఆశించడం న్యాయం కాదు.

3జీలో ప్రధానమైన డబ్ల్యూసీడీఎంఏ దీన్ని పూర్తిగా తిరగేసింది. 5 మెగాహెర్ట్జ్ క్యారియర్ మీద అందరూ ఒకే సమయంలో, ఒకే ఫ్రీక్వెన్సీలో పంపుతారు. ఎవరి డేటా ఎవరిదో కోడ్‌ని బట్టి విడదీస్తారు. పక్క సెల్ కూడా అదే ఫ్రీక్వెన్సీ వాడొచ్చు. ఆలోచన అందంగా ఉంది కానీ దాన్ని నడపడం కష్టం. టవర్ పక్కనున్న ఫోన్ గట్టిగా పంపితే, దూరంగా ఉన్న ఫోన్ సిగ్నల్ దాని కింద అణిగిపోతుంది. మైకు ముందు ఒకరు అరుస్తుంటే వెనక వరసలో గొణిగేవాళ్ల మాట వినపడనట్టే. అందుకే డబ్ల్యూసీడీఎంఏలో ప్రతి ఫోన్ పవర్‌నీ సెకనుకు 1500 సార్లు సరిచేస్తారు. అంత చేసినా, జనం పెరిగేకొద్దీ ఇంటర్‌ఫియరెన్స్ పెరిగి సెల్ కవరేజీయే కుంచించుకుపోతుంది. పొద్దున సిగ్నల్ వచ్చిన చోటే సాయంత్రానికి రాదు. 3జీ ప్లానింగ్ చేసినవాళ్లెవరైనా ఈ బాధ మర్చిపోరు.

డబ్ల్యూసీడీఎంఏ మొదటి రూపం జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో ద్వారా 2001 అక్టోబర్‌లో వాణిజ్య సేవగా వచ్చింది. కానీ నా దృష్టిలో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ పుట్టింది దాంతో కాదు, ఆ తర్వాత 3జీపీపీ (మొబైల్ స్పెసిఫికేషన్లు రాసే సంస్థ) విడుదల చేసిన రిలీజ్ 5లో వచ్చిన హెచ్‌ఎస్‌డీపీఏతో, అంటే మీరడిగిన హెచ్‌ఎస్‌పీఏలోని డౌన్‌లోడ్ భాగంతో. ఈ ఒక్క అడుగుకి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. అంతకుముందు మీకు డేటా కావాలంటే నెట్‌వర్క్ లోపలెక్కడో ఉన్న కంట్రోలర్ ఒక చానల్ కేటాయించేది. మీరు పేజీ చదువుకుంటూ కూర్చున్నా ఆ చానల్ మీకే కట్టుబడి ఉండేది. హెచ్‌ఎస్‌డీపీఏ ఆ నిర్ణయాన్ని బేస్ స్టేషన్ దగ్గరికి తెచ్చింది. ప్రతి 2 మిల్లీసెకన్లకీ ఒకసారి బేస్ స్టేషన్ చూస్తుంది: ఈ క్షణాన ఎవరి సిగ్నల్ బాగుంది, ఎవరికి డేటా ఉంది? వాళ్లకి పంపుతుంది. సిగ్నల్ బాగుంటే ఒక్కో సింబల్‌లో (ఒక విడతలో పంపే తరంగపు ముక్కలో) ఎక్కువ బిట్లు, బాగోకపోతే తక్కువ. పాడైన ప్యాకెట్‌ని అక్కడికక్కడే మళ్లీ పంపి, పాత ముక్కతో కలిపి డీకోడ్ చేస్తారు. గరిష్ఠ వేగం ఆచరణలో ఉన్న 384 కిలోబిట్ల నుంచి ఒక్కసారిగా కాగితం మీద 14.4 మెగాబిట్లకి వెళ్లింది. ఎల్‌టీఈ, 5జీ రెండూ ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి. ఎవరికి ఎప్పుడు పంపాలో ఇలా తేల్చే భాగమే షెడ్యూలర్. అదేమిటో అర్థమైతే మీకు ఈ రంగంలో సగం అర్థమైనట్టే.

మరి ఎల్‌టీఈ ఎందుకు అవసరమైంది? స్పెక్ట్రమ్ వెడల్పు పెంచాలి కాబట్టి. సింగిల్ క్యారియర్‌ని వెడల్పు చేసేకొద్దీ ఒక్కో సింబల్ నిడివి తగ్గిపోతుంది. సిగ్నల్ నేరుగా ఒక్క దారిలో రాదు. గోడలకీ కొండలకీ తగిలి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనులు కూడా ఉంటాయి. డబ్ల్యూసీడీఎంఏలో ఒక చిప్ (కోడ్‌లోని అతి చిన్న ముక్క) నిడివి 0.26 మైక్రోసెకన్లు, అంటే ఆ కాలంలో రేడియో తరంగం వెళ్లేది 78 మీటర్లే. వెడల్పు ఇంకా పెంచితే ఈ ప్రతిధ్వనుల్ని విడదీసే పని ఫోన్‌కి మోయలేని భారమవుతుంది. ఓఎఫ్‌డీఎం దీన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుంటుంది. వెడల్పైన చానల్‌ని 15 కిలోహెర్ట్జ్ దూరంలో ఉండే వందల సబ్‌క్యారియర్లుగా చీలుస్తుంది. ఒక్కోదాని మీద డేటా నెమ్మదిగా వెళ్తుంది, సింబల్ నిడివి 66.7 మైక్రోసెకన్లు. దాని ముందు సుమారు 4.7 మైక్రోసెకన్ల సైక్లిక్ ప్రిఫిక్స్ (అదే సింబల్ చివరి ముక్క కాపీ) ఉంటుంది. నేరుగా వచ్చిన తరంగం కంటే దాదాపు 1.4 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి వచ్చిన ప్రతిధ్వని కూడా ఈ ప్రిఫిక్స్‌లోనే ఇమిడిపోతుంది, తర్వాతి సింబల్‌ని పాడుచేయదు. పైగా ఒక్కో సబ్‌క్యారియర్ మీద చానల్ ప్రభావం దాదాపు ఒకే సంఖ్య కాబట్టి, బహుళ యాంటెన్నాల గణితం కూడా తేలికవుతుంది. మైమో, అంటే ఇలా బహుళ యాంటెన్నాలతో ఒకేసారి ఎక్కువ డేటా పంపడం, ఫోన్లలో ఇంత మామూలైపోవడానికి ఓఎఫ్‌డీఎం పెద్ద కారణం.

ఇక్కడ ఒక లెక్క మీ చేత్తో మీరే వేసి చూడండి. ఎల్‌టీఈలో 12 సబ్‌క్యారియర్లు కలిస్తే 180 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక రిసోర్స్ బ్లాక్. 20 మెగాహెర్ట్జ్ చానల్‌లో అలాంటివి 100. ఒక మిల్లీసెకన్‌లో 14 సింబళ్లు. 100ని 12తో, 14తో గుణిస్తే 16,800 గడులు; ఒక గడి అంటే ఒక సబ్‌క్యారియర్ మీద ఒక సింబల్. 64 క్వామ్ (64 రకాల తరంగ స్థితులతో బిట్లు పంపే పద్ధతి)లో ఒక్కో గడికి 6 బిట్లు, రెండు లేయర్లు. అంటే మిల్లీసెకన్‌కి 2,01,600 బిట్లు, సెకనుకు సుమారు 200 మెగాబిట్లు. అందులో రిఫరెన్స్ సిగ్నళ్లకీ (ఫోన్ చానల్‌ని కొలవడానికి పంపే ముందే తెలిసిన సిగ్నళ్లు), కంట్రోల్ చానళ్లకీ, ఎర్రర్ కోడింగ్‌కీ నాలుగో వంతు పోతే మిగిలేది 150 మెగాబిట్లు. ప్రకటనల్లో కనిపించే ఆ 150 ఇదే. ఆ సెల్‌లో మీరొక్కరే ఉండి, టవర్‌కి దగ్గరగా, అద్భుతమైన సిగ్నల్‌తో ఉంటే వచ్చే సంఖ్య అది. పదిమంది పంచుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

అప్‌లింక్‌లో, అంటే ఫోన్ నుంచి టవర్‌కి పంపేటప్పుడు, ఎల్‌టీఈ మామూలు ఓఎఫ్‌డీఎం వాడలేదు, ఎస్‌సీ-ఎఫ్‌డీఎంఏ అనే రూపం వాడింది. ఓఎఫ్‌డీఎం సిగ్నల్‌లో ఎత్తుపల్లాలు ఎక్కువ, వాటిని మోయాలంటే ఫోన్‌లోని యాంప్లిఫయర్ పవర్‌ని తగ్గించుకుని పనిచేయాలి. ఫోన్ పంపగలిగేదే సాధారణంగా 200 మిల్లీవాట్లు. దాన్నీ తగ్గిస్తే టవర్‌ని చేరదు. ఈ 200 మిల్లీవాట్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మీ సమస్యకి దీంతో పనుంది.

ఎల్‌టీఈ మొదటి ప్రమాణం, రిలీజ్ 8, 2008 డిసెంబర్‌లో ఖరారైంది. ఏడాది తిరిగేసరికి 2009 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో టెలియాసొనెరా సేవ మొదలుపెట్టింది. అప్పటికే వైమాక్స్ అనే పోటీ ప్రమాణం ఓఎఫ్‌డీఎంఏ (ఓఎఫ్‌డీఎంని చాలామంది పంచుకునే రూపం)తోనే రంగంలో ఉంది. సాంకేతికంగా అది నాసిరకం కాదు. కానీ జీఎస్‌ఎం, 3జీ నుంచి వచ్చిన ఆపరేటర్లకీ, ఫోన్ తయారీదారులకీ, రోమింగ్ ఒప్పందాలకీ సహజమైన తర్వాతి మెట్టు ఎల్‌టీఈ. జీఎస్‌ఎంకి పోటీగా నడిచిన సీడీఎంఏ శిబిరం తన తర్వాతి మెట్టుగా తయారుచేసుకుంటున్న యూఎంబీని కూడా క్వాల్‌కామ్ 2008లోనే ఆపేసి ఎల్‌టీఈ వైపు వచ్చింది. ప్రమాణాల పోటీలో గెలుపుని ఇంజినీరింగ్ ఒక్కటే తేల్చదు. పాత నెట్‌వర్క్ నుంచి కాల్ తెగకుండా కొత్తదానికి వెళ్లగలగడం కూడా అంతే బరువైన విషయం.

పేర్ల సంగతి కూడా క్లుప్తంగా చెప్పేస్తాను. ఒక తరం ఎంత సాధించాలో అవసరాలు నిర్ణయించేది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటీయూ. ఆ అవసరాలు తీర్చే అసలు స్పెసిఫికేషన్లు రాసేది 1998 డిసెంబర్‌లో ఏర్పడిన 3జీపీపీ. 4జీకి ఐటీయూ పెట్టిన లక్ష్యం, నెమ్మదిగా కదిలేవాళ్లకి సెకనుకు 1 గిగాబిట్. మొదటి ఎల్‌టీఈ దాన్ని అందుకోలేదు, రిలీజ్ 10లో వచ్చిన ఎల్‌టీఈ-అడ్వాన్స్‌డ్ అందుకుంది. కానీ మార్కెట్‌లో అప్పటికే అందరూ 4జీ అనేస్తున్నారు. 2010 డిసెంబర్‌లో ఐటీయూ కూడా ఎల్‌టీఈ, వైమాక్స్, మెరుగుపరిచిన 3జీ లాంటివాటికి ఆ పేరు వాడొచ్చని ఒప్పుకుంది. కాబట్టి ‘అమ్ముకోవడానికి పెట్టిన పేర్లా’ అన్న మీ అనుమానంలో నిజముంది. తరం పేరు వదులుగా వాడతారు. రిలీజ్ నంబర్ మాత్రం ఖచ్చితంగా ఉంటుంది. ఎవరైనా ఒక ఫీచర్ గురించి చెబితే అది ఏ రిలీజ్‌లోదో అడగడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు 5జీకి వద్దాం. 5జీ ఎన్‌ఆర్ కూడా ఓఎఫ్‌డీఎమ్మే. తరంగ రూపంలో విప్లవమేమీ లేదు. రిలీజ్ 15లో మారినవి వేరే. సబ్‌క్యారియర్ దూరం 15 దగ్గరే ఆగకుండా 30, 60, 120 కిలోహెర్ట్జ్ దాకా ఎంచుకోవచ్చు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఓసిలేటర్లలో (తరంగాన్ని పుట్టించే భాగాల్లో) వచ్చే ఫేజ్ నాయిస్‌ని, అంటే తరంగం లయలో వణుకుని, తట్టుకోవడానికి ఇది కావాలి. తప్పుల్ని సరిదిద్దే కోడ్లలో, డేటాకి టర్బో కోడ్ల స్థానంలో ఎల్‌డీపీసీ, కంట్రోల్‌కి పోలార్ కోడ్లు వచ్చాయి. ఎల్‌టీఈలో సెల్ ఖాళీగా ఉన్నా రిఫరెన్స్ సిగ్నళ్లు ప్రతి మిల్లీసెకన్ పోతూనే ఉంటాయి, పక్క సెల్‌కి ఇంటర్‌ఫియరెన్స్ ఇస్తూనే ఉంటాయి. 5జీలో వాటిని తీసేశారు. ఇది బయటివాళ్లకి కనిపించని మార్పు, కానీ చాలా మంచి మార్పు. చానల్ అంచుల్లో వృథా కూడా తగ్గింది: ఎల్‌టీఈ 20 మెగాహెర్ట్జ్‌లో 18 వాడుకుంటే, 5జీ 100 మెగాహెర్ట్జ్‌లో 98.28 వాడుకుంటుంది.

అయితే 5జీకి అసలు బలం ఇచ్చింది ఆ 100 మెగాహెర్ట్జ్, దానికి తోడు మాసివ్ మైమో, అంటే పదుల యాంటెన్నాలతో చేసే మైమో. 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఇంత వెడల్పైన ఖాళీ దొరికింది. అక్కడ సమస్య దూరం. ఖాళీ ప్రదేశంలో కూడా 700 మెగాహెర్ట్జ్‌తో పోలిస్తే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర నష్టం 14 డెసిబెల్ ఎక్కువ, అంటే ఫోన్‌కి చేరే పవర్ 25 రెట్లు తక్కువ. దీనికి కారణం గాలి కాదు. ఫ్రీక్వెన్సీ పెరిగితే యాంటెన్నా చిన్నదవుతుంది, చిన్న యాంటెన్నా తక్కువ శక్తిని పోగుచేస్తుంది. కానీ యాంటెన్నా చిన్నదైతే అదే పలకలో ఎక్కువ యాంటెన్నాలు పడతాయి కదా. అందుకే 64 ట్రాన్స్‌మిటర్లు, 64 రిసీవర్లు ఉన్న పలకలు పెట్టి, సిగ్నల్‌ని ఒక్కో ఫోన్ వైపు సన్నని బీమ్‌గా మలుస్తారు. పోగొట్టుకున్నదాన్ని ఇలా చాలావరకు తిరిగి రాబడతారు. వేర్వేరు దిక్కుల్లో ఉన్నవాళ్లకి ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయంలో వేర్వేరు డేటా కూడా పంపొచ్చు. 24 గిగాహెర్ట్జ్ పైనుండే మిల్లీమీటర్ వేవ్‌లో చానల్ 400 మెగాహెర్ట్జ్ దాకా ఉండొచ్చు, కానీ ఒక గోడ అడ్డొస్తే చాలు, దాదాపు పోయినట్టే. దాన్ని జనం కిక్కిరిసే చోట్లకే పరిమితమైన సాధనంగా చూడడం మంచిది.

ఇక మీ ఫోన్ సంగతి. మీరు చూస్తున్నదానికి నాలుగు కారణాలు ఉండొచ్చు. నా అనుభవంలో ఎక్కువగా దొరికేవి మొదటి రెండు.

మీకు అందుతున్న 5జీ 3.5 గిగాహెర్ట్జ్‌ది కాకుండా, తక్కువ ఫ్రీక్వెన్సీలో 10 మెగాహెర్ట్జ్ వెడల్పున్నది కావచ్చు. 10 మెగాహెర్ట్జ్‌లో ఎల్‌టీఈకి 50 రిసోర్స్ బ్లాకులు, 15 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్లతో 5జీకి 52. తేడా ఎంతో చూశారుగా. అదే చోట 4జీకి మారితే ఫోన్ 20, 20, 10 మెగాహెర్ట్జ్ క్యారియర్లను కలిపి 50 మెగాహెర్ట్జ్ వాడుకోగలిగితే, 4జీయే వేగంగా ఉండి తీరాలి. ఒకే క్యారియర్‌ని 4జీ, 5జీ రెండూ పంచుకునే డైనమిక్ స్పెక్ట్రమ్ షేరింగ్ అయితే పరిస్థితి ఇంకా అధ్వానం.

రెండోది అప్‌లింక్. టవర్‌కి 64 యాంటెన్నాలు, దండిగా పవర్ ఉన్నాయి. మీ ఫోన్‌కి ఉన్నది ఆ 200 మిల్లీవాట్లే. పైగా 3.5 గిగాహెర్ట్జ్‌లో ఒకే ఫ్రీక్వెన్సీని రెండు వైపులా సమయం పంచుకుని వాడతారు, చాలా నెట్‌వర్కులు సుమారు నాలుగింట మూడొంతుల సమయం డౌన్‌లింక్‌కే (టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే దారికే) ఇస్తాయి. దాంతో సెల్ అంచులో టవర్ మాట ఫోన్‌కి చక్కగా వినిపిస్తుంది, ఫోన్ మాట మాత్రం టవర్‌కి చేరదు. డౌన్‌లోడ్‌కి కూడా అందిందన్న జవాబు వెనక్కి వెళ్లాలి. అది ఆగితే అన్నీ ఆగుతాయి. గీతలు చూపించేది డౌన్‌లింక్ బలాన్నే కాబట్టి మీకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

మూడోది ఆ గుర్తు. నాన్-స్టాండలోన్ పద్ధతిలో 5జీ ఒంటరిగా నడవదు, 4జీ సెల్‌ని ఆసరా చేసుకుని పనిచేస్తుంది. ఆ 4జీ సెల్ ‘ఇక్కడ 5జీ దొరకొచ్చు’ అని ప్రసారం చేస్తే చాలు, డేటా అంతా 4జీ మీదే వెళ్తున్నా కొన్ని ఫోన్లు 5జీ గుర్తు వేసేస్తాయి. నాలుగోది మామూలు రద్దీ, దానికి వివరణ అక్కర్లేదు.

ఏది కారణమో తేల్చడం కష్టమేమీ కాదు. నెట్‌వర్క్ వివరాలు చూపించే యాప్ ఏదైనా వేసుకుని, బ్యాండ్, చానల్ వెడల్పు, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ చూడండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే సిగ్నల్ బలం: మైనస్ 80 డీబీఎం దగ్గర బాగున్నట్టు, మైనస్ 110 కిందికి పోతే బలహీనం. ఎస్‌ఐఎన్‌ఆర్ అంటే శుభ్రత: 20 డెసిబెల్ పైన ఉంటే చాలా బాగుంది, సున్నా కిందికి పోతే ఒక్కో గడిలో 2 బిట్లే పంపే పరిస్థితి. బలం బాగుండి శుభ్రత లేకపోతే రెండు మూడు సెల్స్ మీ మీద ఒకేసారి పడుతున్నాయని అర్థం. గదిలో చోటు మారినా తేడా వస్తుంది. రెండూ బాగుండి తెల్లవారుజామున వేగంగా, సాయంత్రం నెమ్మదిగా ఉంటే అది రద్దీ. డౌన్‌లోడ్ పర్వాలేదనిపించి అప్‌లోడ్ కుప్పకూలితే రెండో కారణం; అక్కడ 4జీకి మార్చుకోవడం సరైన పనే, దానికి మొహమాటపడక్కర్లేదు.

ఆలస్యం గురించి కూడా ఒక మాట. 5జీ అంటే 1 మిల్లీసెకన్ అని అందరూ వింటారు. అది అతి నమ్మకమైన, తక్కువ ఆలస్యం కావాల్సిన సేవలకి రేడియో భాగం వరకే ఐటీయూ పెట్టిన లక్ష్యం. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌కి పెట్టింది 4 మిల్లీసెకన్లు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకన్‌కి సుమారు 200 కిలోమీటర్లే వెళ్తుంది. సర్వర్ 1000 కిలోమీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ ఫైబర్‌లోనే 10 మిల్లీసెకన్లు పోతాయి, ఏ తరమైనా సరే.

చదువు విషయానికొస్తే, 6జీ గురించిన వార్తలతో మొదలుపెట్టకండి. ఐటీయూ దానికి చట్రం 2023లోనే ఇచ్చింది, ప్రమాణాలు ఇంకా తయారవ్వాలి. ముందు ఓఎఫ్‌డీఎంని కంప్యూటర్ మీద మీరే రాసి నడపండి: ఒక ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క), సైక్లిక్ ప్రిఫిక్స్, రెండు మూడు ప్రతిధ్వనులున్న చానల్. ప్రిఫిక్స్ నిడివి తగ్గిస్తూ పోతే ఎక్కడ ఎర్రర్లు మొదలవుతాయో చూడండి. తర్వాత 3జీపీపీ సైట్‌లో ఉచితంగా దొరికే 36.300, 38.300 స్పెసిఫికేషన్లు చదవండి. మొదటిది ఎల్‌టీఈకి, రెండోది 5జీకి మొత్తం చిత్రం ఇస్తాయి. అక్కడి నుంచి 38.211లోకి దిగి, రిసోర్స్ గ్రిడ్‌లో ఏ గడి దేనికి పోతుందో కాగితం మీద గీసుకోండి. పైన నేను వేసిన 150 మెగాబిట్ల లెక్కని 100 మెగాహెర్ట్జ్ 5జీకి మీరు వేయండి: 273 రిసోర్స్ బ్లాకులు, 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్లు, అర మిల్లీసెకన్ స్లాట్, 256 క్వామ్, నాలుగు లేయర్లు. డౌన్‌లింక్‌కి దక్కే సమయాన్ని కలపడం మర్చిపోవద్దు. మీకొచ్చిన సంఖ్య, ఎక్కడెక్కడ ఎంత తీసేశారో ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.